ఏ నోటికి ఏ నీరు

మెదక్ నుంచి ఎల్లారెడ్డికి పోయే దారిలో, పోచారం మత్తడి దుంకుతున్న వానకాలపు రోజున, జనమంతా పైనుంచి జారే తెల్లటి నీటినే చూస్తుంటారు. చూపు కాస్త కిందికి దించితే అంతకంటే పెద్ద వింత కనిపిస్తుంది. రాళ్ల సందుల్లో, నురుగు పలచబడిన చోట, వేలెడంత పరిగెలు నీటికి ఎదురు నిలబడి ఉంటాయి. ఒక్క ఊపున జానెడు దూరం ఎక్కుతాయి. రాయి చాటున కాసేపు ఆగుతాయి, మళ్లీ ఎక్కుతాయి. కొత్తనీరు తగలగానే గుడ్లు పెట్టే చోటు వెతుక్కుంటూ ఏటికి ఎదురీదడం వీటి నైజం. వీటి వెనకే వీటిని తినే చేపలూ వస్తాయి. తినేవీ, తినబడేవీ, ఒకదాని జోలికి ఒకటి పోనివీ అన్నీ ఆ ఒక్క నీటిలోనే ఉంటాయి.

మంజీరలో కలిసే ఆలేరు వాగు మీద 1916లో మొదలుపెట్టి 1922లో పూర్తిచేసిన ఆనకట్ట ఇది. నిండితే 1.82 టీఎంసీల నీరు. చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాం వేట మైదానం, 1952 నుంచి అభయారణ్యం. చలికాలంలో హిమాలయాలు దాటి చారల తల బాతులు ఇక్కడ దిగుతాయి. దిగువన అచ్చంపేట, బంజేపల్లి ఊళ్ల నడుమ మంజీరకు అడ్డంగా 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఉంది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు తలవకుండా ఆ కట్ట మీద నడవడం నాకు చేతకాదు. పొలాలకు నీళ్లివ్వడానికే కట్టారు గానీ, నూరేండ్లుగా ఆ నీళ్లలో ఇంకో కాపురం సాగుతూ వచ్చింది. ఎన్ని జాతులో, ఎన్ని పరిమాణాలో! ఎవరు ఎవరి పక్కన బతకగలరో అక్కడ ఎప్పుడో తేలిపోయింది.

ఎల్లారెడ్డిలోనో కామారెడ్డిలోనో ఇంటి హాల్లో ఆరడుగుల గాజుతొట్టి పెట్టించుకున్నవారికి మొదట వచ్చే సందేహం ఏ చేపతో ఏ చేపను కలపాలన్నదే. దుకాణంలో రంగులు చూసి ఎంచుకుంటారు. చెరువు మాత్రం చేప రంగు చూడదు. నోరు చూస్తుంది, గుంపు చూస్తుంది, ఊపిరి చూస్తుంది. ఈ మూడూ చదవడం వస్తే గాజుతొట్టికి చేపల్ని ఎంచడం వచ్చినట్టే.

నోటితో మొదలుపెడదాం. చేపల సంతలో ఒక బొచ్చెను చేతిలోకి తీసుకుని చూడండి. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, నోరు పైకి తెరిచి ఉంటుంది. పెద్ద తల, మీసాలు లేవు. నీటి పైపొరలో తేలే కంటికి ఆనని జీవుల్ని జల్లించి తినడానికి పుట్టిన నోరది. పక్కనే ఉన్న రవ్వను తిప్పి చూస్తే నోరు కాస్త కిందికి వంగి, పెదవులు మందంగా, అంచున సన్నని కుచ్చులతో కనబడతాయి. నీటి నడిమి భాగంలో రాళ్లను, కొమ్మలను, నీటమునిగిన గడ్డిని పట్టుకుని ఉండే నాచును ఆ కుచ్చు పెదవులతో గీకి తింటుంది. మ్రిగాల నోరు వెడల్పుగా, పూర్తిగా కింది వైపు ఉంటుంది. అడుగున పేరుకున్న కుళ్లిన ఆకూ అలమూ దాని తిండి. మూడూ ఒకే చెరువులో పెరిగి ఒకే బుట్టలో సంతకొచ్చినవే. బతికిన కాలమంతా ఒకదాని కంచంలో మరొకటి నోరు పెట్టలేదు.

ఇలా ఎంచుకుని కలపడం మనిషికి మొన్నమొన్నటిదాకా వీలుపడలేదు. ఈ చేపలు నిలవనీటిలో గుడ్లు పెట్టవు. నది పొంగాలి, నీరు పరుగెత్తాలి, ఒండ్రు కలవాలి. అందుకే పిల్లల్ని వరదనీటిలోంచి వడగట్టి తెచ్చేవారు. ఆ వలలో బొచ్చె పిల్లలతో పాటు రేపు వాటినే మింగబోయే వాలుగ పిల్లలూ వచ్చేవి. నది ఏది ఇస్తే అదే చెరువులో పడేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి చేప మెదడు కింది పీయూష గ్రంథి రసాన్ని తల్లిచేపకు ఎక్కించి, వరద లేకుండానే గుడ్లు పెట్టించారు. దేశం ఇప్పటికీ ఆ తేదీన జాతీయ చేపల రైతుల దినం జరుపుకుంటుంది. ఏ జాతి పిల్లను ఆ జాతిగా, కల్తీ లేకుండా పొందడం వీలయ్యాకే, ఏది దేనితో కలపాలనే లెక్కకు అర్థం వచ్చింది.

1959లో గడ్డిచేప, వెండిచేప మన దేశానికి వచ్చాయి. 1971లో మిశ్రమ చేపల పెంపకంపై అఖిల భారత స్థాయిలో పరిశోధన మొదలైంది. మూడు దేశవాళీ చేపలు, గడ్డిచేప, వెండిచేప, బంగారు తీగ, మొత్తం ఆరు జాతులు ఒకే నీటిలో. నన్ను కట్టిపడేసేది వీటి మధ్య ఇచ్చిపుచ్చుకోవడమే. గడ్డిచేప బుట్టలకు బుట్టలు గడ్డి తింటుంది, కానీ పూర్తిగా అరిగించుకోలేదు. సగం అరిగిన ఆ విసర్జన నీటికి ఎరువై కంటికి కనిపించని మొక్కల్ని పెంచుతుంది. వెండిచేప ఆ మొక్కల్ని మొప్పల జల్లెడతో పట్టి తింటుంది. బంగారు తీగ అడుగు బురదను తవ్వి, కింద చిక్కుకున్న సారాన్ని మళ్లీ నీటిలోకి లేపుతుంది. ఒకటి వదిలింది ఇంకొకదానికి ఆహారం.

అయితే అదే ప్రయోగం ఒక హెచ్చరిక కూడా ఇచ్చింది. వెండిచేప ఎక్కువైతే బొచ్చె ఎదగదు. రెండూ సాధువులే, ఒకదాన్నొకటి కరవవు, తరమవు. రెండూ పైనీటివే కావడంతో తిండి దగ్గర పోటీ పడతాయి, బొచ్చె వెనకబడుతుంది. కలిసి బతకలేకపోవడమంటే కొట్టుకోవడం ఒక్కటే కాదు. గాజుతొట్టి ముందు నిలబడినప్పుడు ఈ సంగతి నూటికి తొంభైమందికి తట్టదు. ఎవరూ ఎవర్నీ కొరకకపోయినా ఒక చేప నెలనెలా సన్నబడుతుంటే, దాని నోరున్న ఎత్తులోనే ఇంకా ఎన్ని నోళ్లున్నాయో లెక్కపెట్టి చూడాలి.

తెలంగాణలో 2016–17 నుంచి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లల్ని వదులుతున్న తీరులోనూ ఈ చదువు కనిపిస్తుంది. కొన్ని నెలలే నీరుండే చెరువులకు 35–40 మిల్లీమీటర్ల పిల్లలు, బొచ్చె, రవ్వలతో పాటు త్వరగా ఎదిగే బంగారు తీగ. ఏడాదంతా నీరుండే జలాశయాలకు 80–100 మిల్లీమీటర్లవి, అక్కడ బంగారు తీగ చోటులో మ్రిగాల. నీరు ఎన్నాళ్లు నిలుస్తుందన్నదాన్ని బట్టి జాతి మారుతుంది. 2015 మార్చి 12న మిషన్ కాకతీయ పేరిట చెరువుల పూడికతీత మొదలైంది ఇప్పటి కామారెడ్డి జిల్లాలోని సదాశివనగర్ పాత చెరువులోనే. పూడిక తీస్తే నీరు ఇంకో నెల ఆగుతుంది, ఆ నెల చేప బరువులో తేలుతుంది. ఇక పెద్ద జలాశయానికి పెద్ద పిల్లలే ఎందుకంటే, అక్కడ పెద్ద నోళ్లుంటాయి. మంజీరలో వాలుగ మనిషి చేతికన్నా పొడవు పెరుగుతుంది. దాని నోటి చీలిక కంటిని దాటి వెనక్కి పోతుంది. ఆ నోట్లో పట్టేదేదీ దాని పక్కన కాపురం చేయలేదు. ప్రపంచంలో ఏ తొట్టికైనా ఇదే మొదటి సూత్రం.

కొర్రమట్ట సంగతి వేరు. మన రాష్ట్ర చేప, ఏటా మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో చేప ప్రసాదంలో వేసేది దీని పిల్లనే. వేటాడే చేపే, కానీ బిడ్డల దగ్గర దాని గుణమే మారిపోతుంది. వానలు పడ్డాక చెరువు అంచున, తుంగ మధ్య నిలకడ నీటిలో, ఎవరో కుంకుమ చల్లినట్టు ఒక ఎర్రటి మరక కదులుతుంది. దగ్గరికి పోతే అది వందల పిల్లల గుంపు. ఒక్కొక్కటి ఊపిరి కోసం పైకొచ్చి, నీటి పైపొరను చిటుక్కుమని తాకి దిగిపోతుంటే ఆ చోటంతా సన్నని చినుకు పడుతున్నట్టే ఉంటుంది. కింద నల్లగా, కదలకుండా తల్లీతండ్రీ ఉంటాయి. ఆ సమయంలో కప్ప దగ్గరికొచ్చినా, మనిషి చేయి పెట్టినా మీదికి దూకుతాయి. శాంతంగా ఉన్న జంట పిల్లలు పుట్టిన రోజున తొట్టి మొత్తాన్ని తమదిగా ప్రకటించుకోవడం అక్వేరియాల్లో పెంచే సిక్లిడ్ చేపల్లోనూ ఉంది. ఈరోజు కలిసి ఉన్నాయి కదా అని రేపటికి హామీ లేదు.

ఇప్పుడు గాజుతొట్టి దగ్గరికొద్దాం. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అంటే అంచుదాకా 680 లీటర్లు. కాస్త తగ్గించి నింపినా నీటి బరువే 600 కిలోలు దాటుతుంది. గాజు, ఇసుక, రాళ్లు, స్టాండు కలిపితే ఇంకా ఎక్కువ. కింది అంతస్తులో, గోడ పక్కన, కిటికీ ఎండ పడని చోట పెట్టడం మంచిది. అంత నీరుందని రవ్వ, బొచ్చె పిల్లల్ని తెచ్చి వేయొద్దు. మీటరుదాకా పెరిగే చేపలవి. రెండడుగుల వెడల్పులో తిరగడానికి వాటికి చోటు చాలదు.

నా మనసు మాత్రం మన వాగుల చిన్నచేపల మీదే ఉంటుంది. ప్రపంచమంతా అక్వేరియాల్లో మురిపెంగా పెంచుకునే చేపల్లో ఎన్నో ఈ దేశపు వాగుల్లో పుట్టినవే. నీలిచారల జీబ్రా డానియోను ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగా నది చేపల పుస్తకంలో లోకానికి పరిచయం చేశాడు. ఆ రెండంగుళాల చేపనే అమెరికాలో జార్జ్ స్ట్రైసింగర్ తన ప్రయోగశాలకు ఎంచుకోవడంతో, ఇవాళ ప్రపంచమంతటా ఎన్నో జన్యుశాస్త్ర పరిశోధనలు దాని మీద నడుస్తున్నాయి. గుడ్డు పారదర్శకం కాబట్టి గుండె కొట్టుకోవడం మొదలయ్యే క్షణాన్ని బయటినుంచే చూడొచ్చు. జతకట్టే కాలంలో మగచేప గులాబీ రంగుకు తిరిగే రోజీ బార్బ్, తోక మొదట నల్లచుక్క ఉన్న పరిగె, పక్కన ఒకే నల్లగీత గీసినట్టుండే రాస్బోరా, పొడుగాటి మీసాలు వెనక్కి వేలాడే ఎగిరే పరిగె, అన్నీ మనవే. ఎగిరే పరిగె పేరుకు తగ్గట్టే ఎగురుతుంది, తొట్టికి మూత తప్పదు. అభయారణ్యం నీటిలోంచి మాత్రం ఒక్క చేపను కూడా పట్టకూడదు, అది నేరం. చెరువులో పట్టాలన్నా అక్కడి మత్స్య సహకార సంఘాన్ని అడగాలి.

ఈ చిన్నచేపలకు గుంపే ఇల్లు. నాలుగు రకాలు రెండేసి తెచ్చుకుంటే ఏదీ స్థిమితంగా ఉండదు. ఒక్కో రకం పది, పన్నెండు తెచ్చుకుంటే వాటి నిజమైన నడక బయటపడుతుంది. దీని వెనక ఒక అద్భుతముంది. తేనెటీగల నాట్యాన్ని చదివిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లో గమనించిన సంగతి ఇది. పరిగె జాతి చేప చర్మం చిట్లితే, ఆ గాయంలోంచి ఒక పదార్థం నీటిలో కలుస్తుంది. దాని వాసన తగిలిన గుంపంతా ఒక్కసారిగా చెదిరి దాక్కుంటుంది. కళ్లతో చూడకుండా, చప్పుడు వినకుండా, అక్కడ మనలో ఒకరికి దెబ్బ తగిలిందని నీరే కబురు మోస్తుంది. తొట్టిలో ఇతర చేపల రెక్కలు కొరికే టైగర్ బార్బ్ ఒక్కటుంటే ఆ కబురు రోజూ మోగుతూనే ఉంటుంది. చేపలు మూలన ముడుచుకుంటాయి, రంగు కోల్పోతాయి. టైగర్ బార్బ్‌నే పెంచాలనిపిస్తే పది పన్నెండు తెచ్చి, పొడుగు రెక్కల చేపలేవీ లేకుండా చూసుకోవాలి. గుంపులో ఉన్నప్పుడు వాటి తగవులు వాటిలో వాటికే సరిపోతాయి.

గాజుచేప గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. వెలుతురుకు అడ్డంగా నిలిపి చూస్తే వెన్నెముక, పక్కటెముకల లెక్క, కడుపు దగ్గర వెండి సంచి, అన్నీ ఒంటిలోంచి కనబడతాయి. లోపలి బతుకంతా బయటికి చూపిస్తూ ఈదే ప్రాణి. వీటిలో గుండ్రటి రకం నెమ్మదైనది, పరిగెల మధ్య చక్కగా ఇముడుతుంది. పొడుగాటి దవడల రకానికి పక్క చేపల పొలుసులు గీకి తినే అలవాటుంది, దాన్ని తేవద్దు. దుకాణంలో గులాబీ, పచ్చ రంగుల్లో మెరిసే గాజుచేపలు కనిపిస్తే అవి పుట్టిన రంగులు కావని తెలుసుకోండి. సూదితో ఒంట్లోకి రంగు ఎక్కిస్తారు. ఇంత చిన్న ప్రాణికి ఆ సూది ఎంత పెద్దదో ఆలోచిస్తే కొనబుద్ధి కాదు. ఎవరూ కొనకపోతే ఎవరూ సూది గుచ్చరు.

కామారెడ్డి చుట్టుపక్కల దుకాణాల్లో దొరికే రంగుచేపలు చాలావరకు చెన్నై కొళత్తూరు, కోల్‌కతా లాంటి చోట్ల నుంచి వచ్చినవి. వాటి పుట్టిళ్లు వేరువేరు ఖండాల్లో ఉంటాయి. ఏంజెల్, నియాన్ టెట్రా రెండూ అమెజాన్ పరీవాహక ప్రాంతానివే. పుట్టిల్లు ఒకటే కదా అని కలిపితే, ఎదిగిన ఏంజెల్ రాత్రిపూట నియాన్లను ఒక్కొక్కటిగా మింగుతుంది. నియాన్‌కు మెత్తని, కాస్త పులుపు నీరు కావాలి. మన నల్లరాతి నేల బోరునీరు ఎక్కువగా గట్టినీరు. ఆ నీరు గప్పీకి, మోలీకి హాయి. వాస్తు కోసమని తెచ్చే ఫ్లవర్‌హార్న్ ఒంటరి చేప, దాని తొట్టి దానిదే. ఆస్కార్ చిన్నప్పుడు ముద్దుగా ఉంటుంది, పెరిగాక నోట్లో పట్టేవన్నీ దాని తిండే. గోల్డ్‌ఫిష్ చల్లటి నీటి చేప. వెచ్చటి నీరు కోరే డిస్కస్ పక్కన పెడితే ఇద్దరిలో ఒకరికి ఎప్పుడూ బాధే.

ఇక ఊపిరి. 20 డిగ్రీల నీరు లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచుతుంది, 30 డిగ్రీల నీటిలో అది ఏడున్నరకు పడిపోతుంది. మే నెలలో మన ఇళ్లలో తొట్టినీరు ఆ వేడిని సులభంగా దాటుతుంది. అప్పుడే కరెంటు పోతే పరుగు నీటిలో పుట్టిన చేపలు ముందుగా పైకొచ్చి నోరు తెరుస్తాయి. కొర్రమట్టలా గాలి పీల్చే అవయవం గురామి జాతికీ ఉంది. అది నింపాదిగా పైకొచ్చి ఒక గుక్క పీల్చుకుని దిగుతుంది. మన ఎండలకు, మన కరెంటుకు తట్టుకునే చేపల్ని ఎంచితే వేసవి రాత్రుల్లో నిద్ర పడుతుంది. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి.

తొట్టి పెట్టిన రోజే చేపల్ని వేయడం చాలా తొట్ల చావుకు కారణం. చేప విసర్జించేది అమ్మోనియా, అది విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, దాన్ని మొక్కలు తీసుకుంటాయి. మిగిలింది వారం వారం నీరు మార్చినప్పుడు పోతుంది. ఈ కంటికి కనబడని సంసారం ఇసుకలో, ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఏ చేప ఏ చేపతో అని అడిగే ముందు ఈ బాక్టీరియా ఇల్లు కట్టుకున్నాయా అని అడగాలి.

గాజుకు అంటుకుని నాచు తింటుందని చేతిలో పెట్టే సక్కర్ చేప దక్షిణ అమెరికాది. వేలెడంత ఉన్నది అడుగున్నర దాకా పెరుగుతుంది. అప్పుడు జాలిపడి చెరువులో వదిలేస్తున్నారు. తెలుగునేల చెరువుల్లో, కాలువల్లో జాలర్లు దయ్యం చేప అని తిట్టుకునేది దీన్నే. ముళ్ల రెక్కలతో వలలు చింపుతుంది, కట్టల్లో బొరియలు చేస్తుంది, తినడానికి ఎవరూ కొనరు. నిజాంసాగర్‌లో రాత్రంతా వల వేసే కుటుంబం పొద్దున చిరిగిన వల కుట్టుకుంటూ కూర్చోవడానికి మన హాల్లోని తొట్టి కారణం కాకూడదు. దుకాణంవాళ్లకు తిరిగి ఇవ్వండి, పెద్ద తొట్టి ఉన్నవారికి ఇవ్వండి. నాచు గీకడానికి అంగుళం పొడవు నత్తలు చాలు.

600 లీటర్ల తొట్టి నావరకు నేను ఇలా నింపుతాను. పైనీటికి పదిహేను జీబ్రా డానియోలు. నడిమి నీటికి పన్నెండు రోజీ బార్బ్‌లు, పది గుండ్రటి గాజుచేపలు. అడుగున సన్నని ఇసుక పరిచి అందులో దూరి పడుకునే లోచ్ చేపలు ఆరు, ఇసుక గరుకుగా ఉంటే వాటి మీసాలు అరిగిపోతాయి. చివరగా ఒక జత ముత్యాల గురామి. పాపెర చేపను చూస్తే నాకూ మనసాగదు గానీ, అది మూరెడు దాటి పెరిగి రాత్రి చిన్నవాటిని వేటాడుతుంది, మూత సందులోంచి బయటపడుతుంది. దానికి వేరే తొట్టి, వేరే పొరుగు కావాలి.

కొత్తచేపలన్నిటినీ రెండు వారాలు వేరే తొట్టిలో ఉంచి, తెల్లమచ్చల జబ్బు లేదని చూసుకున్నాకే కలపాలి. అడుగు చేపలు ముందు, పరిగెలు తర్వాత, చోటు నాదనే గుణమున్న గురామి అందరికంటే చివర. ముందు వచ్చినది తొట్టంతా తనదనుకుంటుంది కాబట్టి ఈ వరస. తిండి కూడా నోటి ఎత్తును బట్టే వేయాలి. తేలే పొడి పైవాటికి, మెల్లగా దిగే గింజలు నడిమివాటికి, బరువు బిళ్లలు అడుగువాటికి. ఆ బిళ్లల్ని లైటు ఆపిన పావుగంటకు వేయాలి. ముందే వేస్తే పరిగెలు వాటిని ఇసుకదాకా చేరనివ్వవు.